అరవై దాకా

మా అత్తగారు మూత పెట్టిన దేన్నీ ఎత్తి చూడకుండా వదలరు. పాలగిన్నె మీద మూత, పళ్ళెం మీద బోర్లించిన పళ్ళెం, ఉతికిన బట్టల మీద కప్పిన దుప్పటి, ఏదైనా సరే, పక్కనుంచి వెళ్తూ ఒక్కసారి ఎత్తి చూసి, మళ్ళీ ఎలా ఉన్నది అలా కప్పి, అప్పుడు ముందుకు కదులుతారు. పెళ్ళయిన కొత్తలో ఇది చూస్తే నాకు ఒళ్ళు మండేది. కోడలు ఏం వండింది, ఏం దాచింది అని ఆరా తీస్తున్నారనుకున్నాను. నెల తిరక్కుండా మా ఆయన్ని నిలదీశాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"అది ఆస్పత్రి అలవాటు. నువ్వు ముసుగు తన్ని పడుకుంటే నీ ముసుగు కూడా ఎత్తి చూసే ఉంటుంది. నిద్రలో నీకు తెలిసుండదు," అన్నారు.

ఆ మాట విన్నాక కొన్నాళ్ళు నేను ముసుగు తన్నడం మానేశాను.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ప్రసూతి ఆస్పత్రిలో ఆయాగా పనిచేశారు. పుట్టిన బిడ్డని తుడవడం, కాలికి నంబరు పట్టీ కట్టడం, ఆపరేషన్ గది నేల కడగడం ఆవిడ పనులు. ఇవి కాక ఎవరూ ముందుకొచ్చి చెయ్యని పని ఇంకొకటి ఉండేది. ఊపిరి తియ్యకుండా పుట్టిన బిడ్డల్ని ఆపరేషన్ గది వెనక చిన్న గదిలోకి తీసుకెళ్ళి, స్టీలు ట్రేలో పడుకోబెట్టి, తెల్లగుడ్డ కప్పి, ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా చూసుకోవడం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, డాక్టరు పెదవి విరిచి వెళ్ళిపోయిన ఒక బిడ్డ గుడ్డ కింద వేలు కదపడం ఆవిడ కంటపడింది. ఆ రోజు నుంచి ప్రతి బిడ్డకీ గుడ్డ ఎత్తి, గుండెల మీద రెండు వేళ్ళు ఆనించి, అరవై దాకా పైకి లెక్కపెట్టేవారు. ఎంత రద్దీగా ఉన్నా, ఎవరు అరిచినా అరవై పూర్తయ్యాకే గుడ్డ మళ్ళీ కప్పేవారు. అందుకే ఆస్పత్రిలో ఆవిడ పేరు అరవై అక్క. ముప్పై అయిదేళ్ళ మనిషిని అరవై అక్క అని పిలుస్తుంటే కొత్త డాక్టర్లు తెల్లబోయి చూసేవారట.

ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ముగ్గురు బిడ్డలు ఆవిడ వేళ్ళ కింద కదిలారు. ఒకడు నలభై నాలుగు దగ్గర. వాడికి ఇప్పుడు సైకిళ్ళ షాపు ఉంది. ఆవిడ ఆ దారిన వెళ్తే చేతిలో పని వదిలేసి లేచి నిలబడతాడు. "నా గుడ్డ కింద ఎవరూ ఊరికే పోలేదు" అన్నది ఆవిడ జీవితం మొత్తం మీద చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప. మిగతా ఆయాలు కూడా ఆ పని ఆవిడకే వదిలేసేవారు. అరవై అక్క చూస్తుందిలే అని నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోయేవారు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. గోడ మీద అక్షరాల పట్టిక చదివించి, ఈ అద్దం బాగుందా ఆ అద్దమా అని అడగడం నా పని. పదేళ్ళుగా అదే చేస్తూ ఒక విద్య నేర్చుకున్నాను. అక్షరం కనిపించనివాళ్ళు టక్కున చెప్పేస్తారు. ఊహించి చెప్పడానికి సమయం పట్టదు. నిజంగా కనిపిస్తున్నవాళ్ళు కళ్ళు చికిలించి, ఆగి, ఒక్కొక్కటీ చెప్తారు. మా ఆయన పనిచేసే బస్సు డిపో నుంచి ఆలస్యంగా వచ్చి ఏదో ఒకటి టక్కున చెప్పినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

నాకు పాప పుట్టింది ఆ ఆస్పత్రిలోనే, అత్తగారు రిటైరవడానికి రెండు నెలల ముందు, ఒక మధ్యాహ్నం. ఆపరేషన్ చేశారు. మత్తులో ఉన్నాను కాబట్టి నాకు తెలిసిందంతా ఆవిడ చెప్పిందే. "పుట్టీ పుట్టగానే గుక్కపట్టి ఏడ్చింది. పైకప్పు లేచిపోయిందనుకో!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అరచేతిలో పట్టేంత ఉందని అందరూ పిట్ట అన్నారు, ఆ పిలుపే ఉండిపోయింది.

పిట్ట కుడిచేతికి సరిగా పట్టు చిక్కదు. నడిచేటప్పుడు కుడిమడమ నేలకి ఆనదు. ఏడాది దాటాక తెలిసింది. అప్పటి నుంచి ఎక్సర్‌సైజులు చేయించే డాక్టరమ్మ దగ్గరికి వారం వారం తిరిగాం. ఆవిడ ప్రతిసారీ ఒకటే అడిగేది. "పుట్టగానే ఏడ్చిందా? కాసేపు ఆగి ఏడ్చిందా? బాగా గుర్తు చేసుకోండి." నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకునేవారు. "నేను అక్కడే ఉన్నాను కదమ్మా. పుట్టగానే ఏడ్చింది." ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి మాట. డాక్టరమ్మ ఏదో రాసుకుని, ఇంకో పరీక్ష చేయించమనేది. అలా రెండున్నరేళ్ళు గడిచాయి.

పిట్టకి నాలుగో ఏడు నడుస్తుండగా మొదలైంది. స్నానం చేయిస్తున్నాను. కుళాయి నీళ్ళు స్టీలు గంగాళంలో పడుతున్నాయి.

"అమ్మా, కుళాయి కట్టెయ్యి. అప్పుడు కూడా ఇలాగే పడ్డాయి," అంది.

"ఎప్పుడే?"

"నేను చల్లగా ఉన్నప్పుడు."

నాకు నవ్వొచ్చింది. "చల్లగా ఎప్పుడున్నావే?"

"పుట్టినప్పుడు. గుడ్డలోంచి తెల్లగా కనిపించింది. నానమ్మ గోడతో మాట్లాడింది."

షాపులో నాతో పనిచేసే అమ్మాయి కొడుకు కూడా అమ్మ కడుపులో ఎర్రగా చీకటిగా ఉండేదని, ఎవరో డబ్బా వాయించేవారని చెప్పాడట. పిల్లలు అలా అంటుంటారు అనుకున్నాను. ఆ సాయంత్రం అత్తగారి దగ్గర నవ్వుతూ చెప్పాను. "మీ మనవరాలికి పుట్టినరోజు కబుర్లన్నీ గుర్తున్నాయట. మీరు గోడతో మాట్లాడారట. మీకు ఆ అలవాటు కూడా ఉందా అత్తయ్యా?"

ఆవిడ చేతిలో పాలగిన్నె మూత ఉంది. దాన్ని తిరిగి గిన్నె మీద పెట్టకుండా, అలాగే పట్టుకుని నడిచి పెరట్లోకి వెళ్ళిపోయారు. మూత పెట్టకుండా ఆవిడ వెళ్ళడం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాత పిట్ట పడుకునే తీరు మారింది. మంచం అంచుకు జరిగిపోయి, పక్కన చోటు వదిలి, అక్కడ ఒక తువ్వాలు మడతపెట్టి పెట్టుకునేది. ఎందుకే అంటే "పాపకి" అనేది. ఏ పాప అంటే "నా పక్కన ఉన్న పాప" అనేది. ఆటబొమ్మలు లేని పిల్ల కాదు, అయినా తువ్వాలే కావాలి. నాకు కొంచెం ఎలాగో అనిపించింది. డాక్టరమ్మతో అంటే ఆవిడ తేలిగ్గా తీసేసింది. "అంత చిన్నప్పటివి ఎవరికీ గుర్తుండవమ్మా. ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటే విని ఉంటుంది."

కానీ మా ఇంట్లో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక రోజు షాపులో కరెంటు పోయింది. పనేమీ లేక మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుళాయి ధారగా పడుతున్న చప్పుడు. వంటగదిలో నీళ్ళు వృథా పోతున్నాయని చిరాకుపడుతూ లోపలికి అడుగుపెట్టి, అక్కడే కొయ్యబారిపోయాను.

మంచం మీద పిట్ట వెల్లకిలా పడుకుని ఉంది. తల నుంచి కాళ్ళ దాకా తెల్లగుడ్డ కప్పి ఉంది. అత్తగారు అటు తిరిగి, గోడకి ముఖం పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"ఇప్పుడు చెప్పు. ఇంకా ఏముంది?" అంటున్నారు గోడతో.

గుడ్డ కింద నుంచి పిట్ట గొంతు వచ్చింది. "నీలం బక్కెట్టు."

నేను ఎలా అరిచానో నాకే తెలియదు. ఒక్క అంగలో వెళ్ళి గుడ్డ లాగి పారేశాను. పిట్ట పకపకా నవ్వుతోంది. "నానమ్మ ఆట ఆడుతోందమ్మా," అంది. అత్తగారు మాత్రం ఇటు తిరగలేదు. నేను కుళాయి కట్టేసి వచ్చి, పిట్టని ఎత్తుకుని, "ఇదేం పని అత్తయ్యా? మీకేమైనా మతి పోయిందా?" అన్నాను. పెద్దావిడతో అలా మాట్లాడినందుకు నాకు అప్పుడూ సిగ్గనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

పిల్లని పక్కింట్లో వదిలి వచ్చాక ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు.

"నీ కూతురు పుట్టగానే ఏడవలేదమ్మాయ్," అన్నారు.

ఏడవలేదు, ఊపిరి కూడా తియ్యలేదు. డాక్టర్లు చేసేదంతా చేశారు. అప్పటికే నాకు రక్తం ఆగక వాళ్ళు నా వైపు తిరిగారు. ఇక లేదని బిడ్డని ఆవిడ చేతుల్లో పెట్టారు. ఆవిడ వెనక గదిలోకి తీసుకెళ్ళి, సిమెంటు అరమీద ట్రేలో పడుకోబెట్టి, గుడ్డ కప్పారు.

"ఇంకేముంది, గుడ్డ ఎత్తి లెక్కపెట్టడమే. ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన పని. ఎంతమంది బిడ్డలకి చేశానో. నా మనవరాలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. ఆ ముఖం ఇంకోసారి చూడలేననిపించింది. ఏడుపు బయటికి వినపడకుండా కుళాయి తిప్పి, అటు తిరిగి కూర్చున్నాను. గోడతోనే ఏదో వాగాను. ఎంతసేపో తెలీదు. వెనకనుంచి తుమ్ము వినిపించింది."

ఆ తుమ్మే పిట్ట. ఆవిడ పిల్లని గుండెలకి హత్తుకుని ఆపరేషన్ గదిలోకి పరిగెత్తారు. తర్వాత అందరి కాళ్ళావేళ్ళా పడి, కోడలికి ఈ సంగతి చెప్పొద్దని మాట తీసుకున్నారు. కొడుక్కి కూడా చెప్పలేదు. అరవై అక్క సొంత మనవరాలికి లెక్కపెట్టలేదని లోకానికి తెలియకూడదు. నా కూతురి చెయ్యి ఎందుకు పట్టు తప్పిందో డాక్టరమ్మకి తెలియకుండా పోయినా ఫరవాలేదు.

కోపంతో ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"నన్ను తర్వాత తిడుదువుగాని. ఇంకా ఉంది. ఆ అర మీద ఇంకో ట్రే ఉంది."

ఆ రోజు రెండింటికి ఆవిడ డ్యూటీ ఎక్కేటప్పటికే ఆ ట్రే అక్కడ ఉంది. పొద్దుటి డ్యూటీ ఆయా ఇంటికెళ్తూ, "ఇప్పుడే పెట్టానక్కా, నువ్వు చూస్తావు కదా," అని చెప్పి వెళ్ళింది. చూద్దామని అటు వెళ్ళబోతుంటే నన్ను బల్ల మీద పడుకోబెట్టారని కబురొచ్చింది. ఆ తర్వాత పిట్ట. ఆ తర్వాత తుమ్ము, పరుగు, సంబరం. సాయంత్రం ఆవిడకి గుర్తొచ్చి వెళ్ళి చూసేసరికి ఆ ట్రే ఖాళీ. తండ్రి వచ్చి తీసుకెళ్ళిపోయాడు. గుడ్డ ఎవరూ ఎత్తలేదు.

"ఆ తల్లి వార్డులో పడుకుని ఉంది. నా గురించి ఎవరో చెప్పారనుకుంటా. నా చెయ్యి పట్టుకుని, 'మీరు చూశారా అక్కా? లెక్కపెట్టారా?' అని అడిగింది. చూశానమ్మా, అరవై దాకా పెట్టాను, ఏ బాధా లేకుండా పోయింది అని చెప్పాను. నేను చెప్పానని నమ్మి ఆ తల్లి నిమ్మళంగా కళ్ళు మూసుకుని పడుకుంది."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"నాలుగేళ్ళు ఎలాగో మింగేశాను. అప్పటికే పోయిన బిడ్డే అయ్యుంటుందిలే అనుకున్నాను. నూటికి తొంభై తొమ్మిది మంది అంతే కదా. ఇప్పుడు నీ కూతురు, ఆ పాప గుడ్డ ఇలా ఇలా అంది అంటోంది." ఆవిడ వేలితో బల్లమీద గుడ్డని కొంచెం ఎత్తి దించారు, ఎత్తి దించారు. "నన్ను అడుగుతోందమ్మాయ్. 'నానమ్మా, నన్ను తీసుకున్నావు, ఆ పాపని ఎందుకు తీసుకోలేదు' అని."

అందుకే నేను లేనప్పుడు రోజూ పిట్టని ప్రశ్నలు అడుగుతున్నారు. ఆ గదిని గురించి ఒక్కటైనా పిల్ల తప్పు చెప్తే చాలు. ఒక్కటి తప్పయితే మిగతాదంతా కూడా పిల్ల ఊహే అవుతుంది, గుడ్డ కదలడం కూడా. పగిలిన గచ్చు అడిగారు. తలుపు మీద తగిలించిన రబ్బరు ఏప్రను అడిగారు. తను గోడతో అన్న మాటలు అడిగారు. పదకొండు అడిగితే పదకొండూ సరిగ్గా చెప్పింది.

"ఒక్కటి తప్పు చెప్పవే తల్లీ అని బతిమాలాను కూడా," అన్నారు.

ఆ తర్వాత నాలుగు రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు. మా ఆయనకి జరిగిందంతా చెప్పాను. ఆయన తల్లి ముఖం చూడలేక డిపోలో లేని పని కల్పించుకున్నారు. డాక్టరమ్మకీ చెప్పాను. ఆవిడ పెన్ను కిందపెట్టి, "ఈ ముక్క రెండున్నరేళ్ళ కింద చెప్పి ఉంటే," అని ఆగింది. అయినా మించిపోయిందేం లేదు, ఎక్సర్‌సైజులు మార్చి చూద్దాం, ఆస్పత్రిలో అసలు ఫైలు తీసుకురండి అంది.

అయిదో రోజు అత్తగారు ముఖం వెలిగిపోతూ నా దగ్గరికి వచ్చారు. మాటలు లేవన్న సంగతే మర్చిపోయారు.

"తప్పు చెప్పింది! పైన రెక్కలు తిరిగాయంట. ఆ గదిలో ఫ్యాను లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఊడ్చాను, నాకు తెలీదా? ఫ్యానే లేదు!"

ఆ పూట ఆవిడ రెండోసారి వడ్డించుకుని తిన్నారు. పిట్టకి తల దువ్వుతూ కూనిరాగం తీశారు. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. పిట్టని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, షాపులో అడిగినట్టే అడిగాను. "రెక్కలు ఎన్ని ఉన్నాయి?"

పిట్ట టక్కున చెప్పలేదు. కళ్ళు చికిలించింది. పైకి, కొంచెం వెనక్కి చూసింది. గోడ మీద చివరి వరస అక్షరాలు చదివేవాళ్ళలా ఆగింది.

"మూడు," అంది. మళ్ళీ ఆగి, "ఒకటి సగమే."

మర్నాడు ఫైలు కోసం ఆస్పత్రికి బయలుదేరుతుంటే అత్తగారు గుమ్మం దాకా వచ్చారు. "ఆ గది కూడా చూసి రా. ఫ్యాను లేదని నీ కళ్ళతో చూసి రా," అన్నారు. మీరూ రండి అంటే తల అడ్డంగా ఊపారు.

ఫైల్లో నాలుగు ముక్కలే ఉన్నాయి. పుట్టినప్పుడు ఊపిరి లేదు, తర్వాత వచ్చింది, అంతే. నకలు తీసుకుని వెనక గది అడిగాను. అరవై అక్క కోడల్నంటే కొత్త ఆయా నవ్వుముఖంతో తాళం తీసింది. ఇప్పుడు అందులో చీపుళ్ళు, ఫినాయిలు డబ్బాలు పెట్టుకుంటున్నారు. పగిలిన గచ్చు ఉంది. కుళాయి ఉంది. నడుమెత్తున సిమెంటు అర, దాని మీద మూరెడు ఎత్తులో ఇంకో అర, పై అర నిండా దూది కట్టలు. పైకప్పు చూశాను. ఫ్యాను లేదు, ఫ్యాను కొక్కెం కూడా లేదు. మా అత్తగారు నిజమే చెప్పారు. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగాను.

తిరిగినదాన్ని తిరిగినట్టే ఆగిపోయాను. పిట్ట నిలబడి చూడలేదు కదా.

ఆయా వింతగా చూస్తుంటే, కింది అర మీదికి వంగి, తల వెల్లకిలా ఆనించాను. సిమెంటు మెడకి చల్లగా తగిలింది. పై అర గోడదాకా లేదు. వెనక జానెడు సందు ఉంది. ఆ సందులోంచి పైకి చూస్తే, దూది కట్టల వెనక, గోడలో ఒక గుండ్రటి కంత. అందులో చిన్న ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. మూడు రెక్కలు. ఒకటి సగానికి విరిగి ఉంది.

"అక్కడ ఫ్యానుందా?" ఆయా కూడా వంగి చూసి ఆశ్చర్యపోయింది. "వైరు కూడా లేదు చూడండి. బయటి గాలికే తిరుగుతున్నట్టుంది."

నాకు అంతలోనే ఒక ఆశ పుట్టింది. గాలి వస్తోందంటే ఆ గాలికే గుడ్డ కదిలి ఉండొచ్చు కదా! పిట్ట చెప్పిందీ నిజమే అవుతుంది, మా అత్తగారి మీద పాపమూ ఉండదు. గబగబా అక్కడున్న ఖాళీ ట్రే ఒకటి అర మీద పెట్టి, నా చేతిరుమాలు దాని మీద పరిచాను. పైన రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. నేను రుమాలు కేసి చూస్తూ పైకే లెక్కపెట్టాను. ఎవరూ చెప్పకుండానే అరవై దాకా పెట్టాను.

రుమాలు అంచు కూడా కదలలేదు. ఇంకోసారి పెట్టాను. కదలలేదు.

దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఆవిడ మీద నా కోపం చల్లారలేదు. నా కూతురి చేతిని చూసినప్పుడల్లా మళ్ళీ రాజుకుంటూనే ఉంటుంది. కానీ ఆ అర మీద తల పెట్టి వచ్చాక, ఆ చల్లదనాన్ని ఎవరి నెత్తిన అయినా పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఫ్యాను లేదని చెప్తే పిట్టని అబద్ధాలకోరుని చేసినట్టు. అందుకని సగం నిజం, సగం అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి పిట్ట మధ్యాహ్నం నిద్రలో ఉంది. యథాప్రకారం మంచం అంచున, పక్కన మడతపెట్టిన తువ్వాలు. అత్తగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"లేదు కదా?" అన్నారు.

"ఉంది అత్తయ్యా. వెనక గోడలో. పడుకుంటే తప్ప కనపడదు," అన్నాను.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నేను వెంటనే అందుకున్నాను. "కంగారుపడకండి. దాన్నుంచి గాలి బాగా వస్తోంది. ట్రే పెట్టి, నా రుమాలు కప్పి చూశాను. గాలికి ఎగిరింది. ఆ పాప గుడ్డ కూడా అలాగే కదిలి ఉంటుంది. పిల్ల చూసింది అదే."

"నువ్వు చూశావా?"

"చూశాను అత్తయ్యా. అరవై దాకా పెట్టాను."

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. తర్వాత నా చెయ్యి తీసుకుని, దాని మీద తన చెయ్యి వేసి, మెల్లిగా తట్టారు.

"మంచిదానివమ్మాయ్," అన్నారు. "ఆ తల్లికి నేను చెప్పింది కూడా అచ్చం ఇదే గొంతుతో."

నేను తల దించుకున్నాను. ఆవిడ లేచి, మంచం దగ్గరికి వెళ్ళి, పిట్ట మీద దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ కప్పారు. రోజూ చేసేదే. తర్వాత మంచానికి అటువైపు వెళ్ళి, నేల మీద కూర్చున్నారు. పిట్ట పక్కన పెట్టుకున్న తువ్వాలు అంచు పట్టుకుని పైకి ఎత్తారు. కింద ఉత్త పరుపు. ఆ పరుపు మీద రెండు వేళ్ళు ఆనించి, పిల్ల నిద్ర చెడకుండా, చిన్న గొంతుతో మొదలుపెట్టారు.

ఒకటి. రెండు. మూడు.

గుమ్మంలో నిలబడి నేనూ లోపల్లోపల లెక్కపెడుతున్నాను. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. అరవై.

తువ్వాలు కప్పుతారని చూశాను. ఆవిడ వేళ్ళు తియ్యలేదు.

"అరవై ఒకటి," అన్నారు.